మంచు కోసిన ఆదివారం

న్యూపోర్ట్, రోడ్ ఐలండ్
1789 డిసెంబరు 8

పీలెగ్ అన్నయ్యకు,

అందరం క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. అందరం ఉన్నాం అని మాత్రం రాయగలను.

నార్త్ కరొలైనా కూడా కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకుందని మొన్న ఓడవాళ్లు చెప్పారు. పన్నెండు రాష్ట్రాలు ఒక గొడుగు కిందికి వెళ్లిపోయాయి. మిగిలింది మనం ఒక్కళ్లమే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మన రాష్ట్రం ఎండలో నిలబడి, ఎండే బాగుందంటోంది.

జనవరి పదిహేను దాటితే మన సరుకు పరాయిదేశం సరుకట. పక్క రాష్ట్రానికి పోయే ప్రతి పీపా మీదా సుంకం వేస్తారట. పీపాలు చేసే ఇంట్లో ఆ మాట ఎలా వినిపిస్తుందో నీకు వేరే చెప్పాలా? కొట్లో పనివాళ్లు ముగ్గురూ వెళ్లిపోయారు. మీ బావ ఒక్కడే పలకలు చెక్కుకుంటూ కూర్చుంటున్నాడు, కొనేవాళ్లు లేకపోయినా. నిన్న అన్నం దగ్గర మెల్లగా చెప్పాడు: "నాన్‌టకెట్ నుంచి తిమింగలాల వేటకు పోయే ఓడలో పీపాల మనిషి కావాలంటున్నారు. మూడేళ్ల ప్రయాణం. వెళ్దామనుకుంటున్నా." యాభై రెండేళ్లు ఆయనకు. మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుంటాడు. ఓడెక్కితే మళ్లీ ఈ మనిషిని చూస్తానని నాకు నమ్మకం లేదు.

నువ్వు పైసభలో కూర్చున్నవాడివి. రాజ్యాంగాన్ని ఒప్పుకోమని నేను అడగడం లేదు. ఒప్పుకోవాలో వద్దో తేల్చడానికి ఒక సభ పెట్టుకోనివ్వండి అని కిందిసభవాళ్లు అంటున్నారు, అంతే కదా. దానికి కూడా ఇన్నిసార్లు కాదన్నారు. ఈసారికైనా అడ్డు తప్పుకో అన్నయ్యా. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
తబిత


బ్రైర్ హిల్
1789 డిసెంబరు 19

తబితా,

ఉత్తరం అందింది. ఎలైషా మోకాళ్ల మాట చదివి మీ వదిన రూత్ కళ్లు తుడుచుకుంది. నాకూ బాధగానే ఉంది. కాని నేను అడ్డు తప్పుకోను. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

మన మొదటి రాజ్యాంగం కింద మన రాష్ట్రం సంతకం ఉంది. ఈ కూటమి శాశ్వతం, ఇందులో ఒక్క ముక్క మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి అని అందులో రాసుకున్నాం. అది కుంటిదే. దానికి పన్ను వేసే శక్తి లేదు, సిపాయికి జీతమిచ్చే శక్తి లేదు. కాదనను. దాన్ని బాగుచేస్తామని చెప్పి కొందరు పెద్దమనుషులు ఫిలడెల్ఫియాలో తలుపులు వేసుకుని కూర్చున్నారు. కప్పు కారుతోంది బాగుచేయండయ్యా అంటే ఇల్లే పడగొట్టి ఇంకొకటి కట్టి బయటికొచ్చారు. పదమూడు అక్కర్లేదు, తొమ్మిది చాలన్నారు. అందరూ ఒప్పుకుంటేనే అని ఇచ్చిన మాట అలా గాలికి పోతే, రేపు ఈ కొత్త కాగితంలో ఇచ్చిన మాటకు పూచీ ఎవరు?

నాన్నమ్మ సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. మసాచుసెట్స్‌లో ఉన్నప్పుడు తనది కాని మందిరానికి పన్ను కట్టలేదని పాలిచ్చే ఆవును తోలుకుపోయారు. ఆ ఆవు కోసమే మనవాళ్లు ఈ రాష్ట్రానికి వచ్చారు. ఇక్కడ ఎవరి దేవుడు వాళ్లవాడు. కొత్త రాజ్యాంగంలో ఆ మాట లేదు. చేరుస్తాం అంటున్నారు, కాగితాలు తిప్పుతున్నారు. చేర్చాక రమ్మను, చూద్దాం.

ఇక మా ఊరి సభ. జేబెజ్ మామ గుర్తున్నాడుగా, కర్రతో నేలను కొట్టి మాట్లాడేవాడు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆ కర్ర అరగలేదు, గొంతూ తగ్గలేదు. అందరి ముందూ లేచి, "పీలెగూ, నువ్వక్కడికి పోయేది నీ తెలివి చూపించడానిక్కాదు. మా నోరు మోసుకుపోడానికి. కాదు అని చెప్పిరా. ఔనని వచ్చావో, మందిరంలో నువ్వు మాట్లాడేటప్పుడు నేను ముందు బల్ల మీద కూర్చుని గురక పెడతా" అన్నాడు. ఊరంతా చేతులెత్తింది. కాదు అంటానని మాటిచ్చాను.

అదే జేబెజ్ మామ గురించి ఇంకో మాట ఉంది. నీకు ఒక్కదానికే చెబుతున్నాను, నీ దగ్గరే ఉంచుకో. పంతొమ్మిదేళ్లుగా నేను ఆయన్ని బాప్తిస్మానికి పిలుస్తున్నాను, ఆయన నవ్వి వెళ్లిపోతున్నాడు. కిందటి వారం ఆయనే వచ్చి కట్టెల మోపు మీద కూర్చుని, "జనవరి పదిహేడు, ఆదివారం. ఏట్లో ముంచు" అన్నాడు. ఏరు గడ్డకట్టి ఉంటుంది, వసంతం రానివ్వు మామా అన్నాను. "వసంతందాకా ఈ బుద్ధి నాకుంటదని నువ్వు పూచీ ఉంటావా? గొడ్డలుందిగా, మంచు కొయ్యి" అన్నాడు. ఆ వారం ప్రావిడెన్స్‌లో సభ ఉంటుంది. శనివారంతో ముగుస్తుంది, ఎప్పుడూ అంతే. ఒకవేళ సాగినా ఆ ఆదివారం మాత్రం నేను ఇక్కడే ఉంటాను. ప్రార్థన అయితే నాకు సాయంగా ఉండే డీకన్ నడిపిస్తాడు గాని, నీళ్లలో ముంచడం సంఘపెద్దగా నేనే చెయ్యాల్సిందే. జనం వింత చూడ్డానికి వస్తారని ఆయనకు సిగ్గు. అందుకే గుట్టు.

ఎలైషాను తొందరపడవద్దని చెప్పు.

అన్న
పీలెగ్


న్యూపోర్ట్
1790 జనవరి 2

అన్నయ్యా,

కొత్త సంవత్సరం. ఊలు మేజోళ్లు రెండు జతలు పంపుతున్నాను. ఏట్లో దిగాక పొడివి వేసుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీతో వాదించి నేనెప్పుడు గెలిచాను కనక? చిన్నప్పుడు కోడిపిల్ల నాదంటే నాదని రోజంతా వాదించి, చివరికి నీదే అనిపించావు. ఇప్పుడు నాకు ఆ ఓపిక లేదు.

జేబెజ్ మామ విషయం వింటే ఆశ్చర్యంగా ఉంది. ఆ ఆదివారం ఖాయమే కదా? మంచు మరీ దళసరిగా ఉంటే వాయిదా వేస్తారా? ఊరికే అడుగుతున్నాను.

మీ బావ బాగానే ఉన్నాడు. ఓడ మాట మళ్లీ ఎత్తలేదు.

తబిత


బ్రైర్ హిల్
1790 జనవరి 20

తబితా,

నీకు ఈపాటికి సగం తెలిసే ఉంటుంది. రెండో సగం నా నోట విను.

శనివారం పైసభలో తొమ్మిది మందిమి ఉన్నాం. సభ పెట్టాలని నలుగురు, వద్దని ఐదుగురు. ఆ ఐదో గొంతు నాది. అయిపోయింది, ఇంటికి పోదామనుకుంటుంటే కిందిసభ వాళ్లు అదే తీర్మానాన్ని నాలుగు మాటలు మార్చి మళ్లీ పంపారు. రేపు ఆదివారం కూర్చుంటామన్నారు. గడువు దాటిపోయింది, దేశం కాచుకుని ఉంది, ఒక్క రోజు కూడా ఆగలేం అన్నారు. ఆదివారం సభ కూర్చోవడం నా ఎరుకలో లేదు.

నా పక్కన కూర్చునే ఇద్దరూ నా బసకు వచ్చారు. "ఒక్క రోజు ఆగవయ్యా. నువ్వు పోతే నలుగురికి నలుగురం. అప్పుడు గవర్నర్ ఓటుతో తేలుద్ది. ఆయన అటు మొగ్గాడని ఊరంతా అనుకుంటోంది" అన్నారు. నాకు లెక్క తెలియక కాదు. అంతా తెలిసే తెల్లవారుజామున గుర్రం ఎక్కాను. ఊరికిచ్చిన మాట ఒకటి, ఆ ముసలాయనకిచ్చిన మాట ఒకటి. ఊరికి రాష్ట్రంలో ఇంకో దారి దొరకవచ్చు. ఆయనకు ఇంకో ఆదివారం దొరుకుతుందని నేను పూచీ ఉండలేను.

మధ్యాహ్నానికి మంచు కోశాం. మూరెడు దళసరి. ఆరడుగుల వెడల్పు గొయ్యి చేసేసరికి నలుగురు మగాళ్ల చేతులు బొబ్బలెక్కాయి. జేబెజ్ మామ చొక్కాతో అంచున నిలబడి, "దేవుడు నన్ను క్షమించడానికి ఇంత చల్లగా ఉండాలా" అన్నాడు. నడుములోతు నీళ్లలో ఇద్దరం దిగాం. ముంచి లేపాను. ఆయన గడ్డం అప్పటికప్పుడే బిగుసుకుపోయింది. ఒడ్డున ఆడవాళ్లు పాట అందుకున్నారు. కంబళి కప్పుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఇంతకాలం ఎందుకు ఆగానురా పీలెగూ" అన్నాడు. ఆ మాట కోసం పంతొమ్మిదేళ్లు తిరిగాను.

సోమవారం సాయంత్రం వార్త వచ్చింది. నాలుగుకు నాలుగు. గవర్నర్ అటే మొగ్గాడు. రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చే సభ మార్చిలో కూర్చుంటుంది. జేబెజ్ మామ దుప్పట్లో కూర్చుని విన్నాడు. దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు. తర్వాత, "అయితే నేను మునిగినప్పుడు రాష్ట్రం కూడా మునిగిందన్నమాట" అన్నాడు.

ఊళ్లో నా ముఖం చూసేవాళ్లు తక్కువ. పిండిమర దగ్గర ఒకడు నా వెనక డబ్బు సంచి ఊపుతున్నట్టు చెయ్యి ఊపాడు. అది నేను భరించగలను. నాకు తెగనిది ఒక్కటే. వాళ్లు ఆదివారమే ఎందుకు కూర్చున్నారు?

పీలెగ్


న్యూపోర్ట్
1790 ఫిబ్రవరి 1

అన్నయ్యా,

ఇక్కడ గంటలు మోగాయి, ఫిరంగులు పేల్చారు. మీ బావకు రెండు ఓడల సరుకుకు పీపాలు చెయ్యమని పని వచ్చింది. వెళ్లిపోయిన ముగ్గురిలో ఒకడు తిరిగి వచ్చాడు. ఓడ మాట ఇక లేదు. నేను సంతోషించాను, దాచను.

నీకు కృతజ్ఞత చెప్పాలని కలం పట్టుకుని, ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చింపాను. జేబెజ్ మామ కోసమే వెళ్లానన్నావు. అందులో నా కోసం కూడా కొంచెం ఉందా? ఉంటే చెప్పు, నా మనసు కుదుటపడుతుంది.

నీ ప్రశ్నకు నేనేం చెప్పగలను. గడువు దాటిందని కంగారుపడి ఉంటారు.

తబిత


బ్రైర్ హిల్
1790 ఫిబ్రవరి 13

తబితా,

నీ కోసం కాదు. ఆ మాట ఇంకోసారి రాయకు. చెల్లెలి మొగుడి కోసం రాష్ట్రం ఓటును వదిలేసినవాడు మందిరంలో నిలబడి నోరు విప్పడానికి తగడు. నేను వెళ్లింది ఒకే పని మీద.

మార్చి సభకు ప్రతినిధిని పంపడానికి మా ఊరి సభ సోమవారం జరిగింది. మొదటి మాటే నా మీద. "ఎంతకమ్మావ్?" అని వెనక నుంచి ఒక గొంతు. నేను లేచేలోగా జేబెజ్ మామ కర్ర నేలను తాకింది. ఇంకా దగ్గు తగ్గలేదు ఆయనకు. "కొన్నవాడు ఇక్కడ నిలబడ్డాడు, చూడండి. నేనిచ్చిన ధర, నా ఎముకల్లోకి దిగిన చలి. వీణ్ణి నేను పిలిచాను. మాటిచ్చాడు, వచ్చాడు. నాకిచ్చిన మాట కోసం అంత దూరం వచ్చినోడు మీకిచ్చిన మాట మింగేస్తాడా? అప్పుడు నోటికి అడ్డమొచ్చింది నేను. ఇప్పుడు అడ్డం లేను. మళ్లీ వీణ్ణే పంపండి" అన్నాడు.

తొమ్మిది ఓట్ల తేడాతో నన్నే ఎన్నుకున్నారు. కాదు అనే చెప్పాలని మళ్లీ కట్టడి. కాదు అనే చెబుతాను.

పీలెగ్


న్యూపోర్ట్
1790 మే 11

అన్నయ్యా,

మార్చిలో మీరు ఏదీ తేల్చకుండా హక్కుల జాబితా ఒకటి రాసి లేచిపోయారని, మళ్లీ ఈ నెల ఇరవై నాలుగున ఇక్కడే, మా ఊళ్లోనే కూర్చుంటారని విన్నాను. నువ్వు మా ఇంట్లోనే దిగుతానని వదిన రాసింది. పైగది కడిగించాను. పరుపు ఎండలో వేశాను. ఆ పరుపు దులుపుతున్నప్పుడు తెలిసింది, నీకు ఇది చెప్పకుండా నిన్ను ఆ గదిలో పడుకోనివ్వలేనని.

ఆదివారం ఎందుకు కూర్చున్నారని అడిగావు. నా వల్ల.

నీ డిసెంబరు ఉత్తరాన్ని నేను బల్ల మీద పెట్టి మీ బావకు చదివి వినిపించాను. గుట్టు అని నువ్వు రాసిన మాటతో సహా. ఆయన చివరిదాకా విన్నాడు. "ఆదివారం ఉండడా? తప్పకుండా ఉండడా?" అని అడిగాడు. ఉండడు అన్నాను. "ఈ సంగతి కొందరికి తెలియాలి తబితా" అన్నాడు. నేను వద్దనలేదు. వద్దనలేదని రాయడం కూడా సగం అబద్ధమే. ఎవరికి చెప్పాలో నేనే చెప్పాను. కిందిసభలో మా ఊరివాళ్లు ఎవరో నీకు తెలుసు. జనవరిలో ఆ ఆదివారం ఖాయమేనా అని నిన్ను అడిగింది ఊరికే కాదు. వాళ్లు కనుక్కోమన్నారు.

శనివారం ఓడిపోతే ఆదివారం కూర్చోవాలని వాళ్లు ముందే అనుకున్నారు. నువ్వు దొంగ అనిపించుకున్నది అందుకు. పిండిమర దగ్గర చెయ్యి ఊపినవాడికి జవాబు నా దగ్గర ఉండగా, నాలుగు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను.

రాజ్యాంగం కావాలని కోరినందుకు నేను సిగ్గుపడను. ఈ రోజు కూడా కావాలనే అంటాను. మొగుణ్ణి ఒడ్డున నిలుపుకున్నందుకు కూడా సిగ్గుపడను. నువ్వు నన్ను నమ్మి రాసినదాన్ని అమ్ముకున్నాను, దానికే.

నా పేరు ఇంకా మన బ్రైర్ హిల్ సంఘం జాబితాలోనే ఉంది. ఇక్కడి సంఘానికి మార్పించుకోలేదు. తప్పు చేసినవాళ్ల మాట సంఘం ముందు పెట్టడం మన పద్ధతి. ఈ ఉత్తరాన్ని సంఘంలో చదువు. చెల్లెలని దాచకు. నీ పేరు మీద మచ్చ అలాగైనా పోతుంది.

పైగది మాత్రం నీ కోసం అలాగే ఉంటుంది.

తబిత


బ్రైర్ హిల్
1790 మే 18

తబితా,

మీ ఇంట్లో దిగను. రేవు దగ్గర క్వేకర్ శాఖవాళ్ల ఇంట్లో ఒక గది మాట్లాడుకున్నాను.

సంఘంలో చదవమన్నావు. న్యూపోర్ట్ పని అయ్యాక చదువుతాను. అప్పటివరకు రొట్టె విరిచే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు. ఇది అన్నగా చెప్పడం లేదు.

పీలెగ్


న్యూపోర్ట్
1790 మే 31

అన్నయ్యా,

ఆరు రోజులు మా వీధి నుంచే సభకు వెళ్లావు. మూడో రోజు మీ బావ కొట్టు గుమ్మంలో నిలబడి, "ఏం బావా, గుల్లల పులుసు వేడిగా ఉంది" అన్నాడట. నువ్వు టోపీ తీసి, "ఆకలి లేదు బావా" అని వెళ్లిపోయావట. ఆయన ఆ సాయంత్రం తనూ తినలేదు.

శనివారం జనం పట్టక సభను మందిరంలోకి మార్చారు కదా, నేను కిటికీ కింద ఆడవాళ్లలో నిలబడ్డాను. ప్రావిడెన్స్ ఊరు మనతో తెగతెంపులు చేసుకుని సొంతంగా అటు కలుస్తానంటోందని, మన ఓడలను ఏ రేవులోకీ రానివ్వకుండా కొత్త ప్రభుత్వంవాళ్లు చట్టం తెస్తున్నారని లోపల ఒకాయన గంటసేపు భయపెట్టాడు. తర్వాత పేర్లు పిలిచారు. ఒక్కో గొంతు గొణిగినట్టు వినిపించింది. నీ పేరు పిలిచినప్పుడు మాత్రం కాదు అన్న మాట వీధి చివరిదాకా వినపడింది. నా పక్కనున్నావిడ, "ఎవరమ్మా ఆ మొండిఘటం?" అంది. మా అన్నయ్య అన్నాను.

ముప్పై నాలుగు ఔను, ముప్పై రెండు కాదు. రెండే రెండు. ఇటునుంచి అటు ఒక్కరు కదిలి ఉంటే సమానమయ్యేది. గంటలు మోగించారు. నేను కోరుకున్నదే జరిగింది, ఇంటికి వచ్చి ఏడ్చాను. మొదటి రాజ్యాంగం పోయిందని కాదు. నువ్వు మెట్లు దిగి నన్ను చూసి, చూడనట్టు రేవు వైపు వెళ్లావు.

సంఘం ఏం తేల్చినా తలవంచుతాను. తొందరగా తేల్చు.

తబిత


బ్రైర్ హిల్
1790 జూన్ 21

తబితా,

మొన్న శనివారం సంఘం కూటంలో నీ ఉత్తరం చదివాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట విడవకుండా. చదవడం అయ్యాక పిండిమర అతను లేచి నా ముందుకు వచ్చి, "నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది" అన్నాడు. కూర్చోమన్నాను.

జేబెజ్ మామ అన్నిటికన్నా ముందు, "అయితే నా బాప్తిస్మం సంగతి రాష్ట్రమంతటికీ నాకంటే ముందే తెలుసన్నమాట. వింత చూడ్డానికి ఎవరూ రాలేదేమిట్రా అప్పుడు?" అన్నాడు. కొందరు నవ్వారు. తర్వాత అన్నాడు: "పిల్ల తప్పు చేసింది. తనే చెప్పుకుంది. చెప్పమని ఎవడూ మెడ మీద కత్తి పెట్టలేదు. నేను చెయ్యెత్తుతున్నా."

నిన్ను క్షమించి తిరిగి చేర్చుకునేవాళ్లు చేతులెత్తమన్నాను. మన సంఘంలో ఇలాంటి విషయంలో ఒక్క చెయ్యి తగ్గినా కుదరదు, నీకు తెలుసు. వచ్చిన ముప్పై ఇద్దరిలో ముప్పై ఒక్క చెయ్యి లేచింది. రూత్ చెయ్యి కూడా. లేవనిది నాది.

అప్పుడు జేబెజ్ మామ, "ముప్పై ఒకటి చాలదా? రూలు మార్చేద్దాం. ఎక్కువమంది ఔనంటే ఔనే" అన్నాడు. ఫిలడెల్ఫియావాళ్ల మాటే తన నోటి నుంచి వచ్చిందని ఆయనకు ఆ తర్వాత తట్టింది, చెవులు ఎర్రబడ్డాయి. నేను ఒప్పుకోలేదు. లోకంలో వాళ్ల ఇష్టం, ఈ గదిలో మాత్రం అందరూ ఔనంటేనే ఔను అన్నాను. "అయితే నీ చెయ్యి లేచేదాకా కూర్చుందాం. నాకు పాలు పితికే పని కూడా లేదు" అని కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. కిటికీలో ఎండ గోడ దాకా పోయింది.

నా కోపం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చున్నాను. నువ్వు ఉత్తరాన్ని అమ్ముకున్నావు, నిజం. కాని వాళ్లు ఆదివారం కూర్చుంటారని శనివారమే నాకు తెలుసు. లెక్క తెలుసు. గుర్రం మీదికి నన్ను ఎవరూ ఎత్తి కూర్చోబెట్టలేదు. మరి నెల రోజులుగా ఎందుకు మండుతోంది?

ఇక దాచలేక లేచి చెప్పాను. ఆ ఉదయం ప్రావిడెన్స్ వంతెన దాటుతుంటే, ఇక ఎలైషా ఓడెక్కడు అన్న మాట నా మనసులోకి వచ్చింది. వచ్చినందుకు నేను సంతోషించాను. గుర్రాన్ని ఇంకాస్త తోలాను. నేను వెళ్లింది జేబెజ్ మామ కోసమే, అది అబద్ధం కాదు. అందులో నీ కోసం కూడా ఉంది. నువ్వు అడిగినప్పుడు లేదని ముఖం మీద కొట్టినట్టు రాశాను. ఊరి సభలో జేబెజ్ మామ నా తరఫున మాట్లాడుతున్నప్పుడు కూడా నోరు విప్పలేదు. నువ్వు నీ మాట చెప్పుకున్నావు. నేను నీ వెనక దాక్కున్నాను.

అది చెప్పి చెయ్యెత్తాను. ముప్పై రెండు. నీ పేరు మళ్లీ జాబితాలో రాశాను, సిరా ఆరేదాకా చూశాను.

తర్వాత నా సంగతి తేల్చమని కూటాన్ని అడిగాను. పెద్ద అయినా తప్పు తప్పే. డీకన్ లేచి చేతులెత్తమన్నాడు. ముప్పై ఒక్కటీ లేచాయి. నేను కూర్చోబోతుంటే జేబెజ్ మామ కర్ర మళ్లీ నేలను తాకింది. "ఆగు. ఈ గదిలో అందరూ ఔనంటేనే అన్నావు. న్యూపోర్ట్‌లో ఒక మనిషుంది. ఇప్పుడే కదా పేరు రాశావు" అన్నాడు. జాబితా పుస్తకం మూసి డీకన్ చేతికిచ్చాను.

నువ్వు వచ్చి తేల్చేదాకా నేను బోధించను, రొట్టె విరవను. వెనక బల్ల మీద కూర్చుంటున్నాను. కూటం వచ్చే నెల మూడో శనివారం. ఎలైషాతో చెప్పు, ఈసారి పులుసు ఉంటే తింటాను. ఔనో కాదో నీ ఇష్టం తబితా, నేను అడగను. కాని రా.

అన్న
పీలెగ్